నాడీ వ్యవస్థ: వేడి పెనం తగిలిన వేలి నుంచి మొదలుపెట్టండి

డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివేవాళ్లు నాడీ వ్యవస్థ పాఠానికి వచ్చేసరికి పేర్ల పట్టిక రాసుకుని బట్టీ పడుతుంటారు. వారం తిరిగేసరికి మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం పనులన్నీ కలగాపులగం అయిపోతాయి. దానికి బదులు వార్త ఎక్కడ పుట్టి ఏ దారిన పోతుందో గీసి చూడండి. పేర్లు వాటి చోట్లలో అవే కుదురుకుంటాయి.

తెల్లకాగితం, ఎరుపు, నీలం పెన్నులు చాలు. దోసె పెనానికి వేలు తగిలిందనుకోండి. చర్మంలోని గ్రాహకం దగ్గర ఎర్రగీత మొదలుపెట్టండి. ఇది అభివాహి నాడి, జ్ఞాన నాడి అన్నా అదే. ఈ గీత పృష్ఠ మూలం (వెనకవైపు మూలం) గుండా వెన్నుపాములోకి వెళ్లాలి. వెళ్లేముందు ఆ మూలం మీద చిన్న ఉబ్బు గీయడం మరవకండి. జ్ఞాన నాడీకణం కణదేహం వెన్నుపాము బయట, ఆ ఉబ్బులోనే ఉంటుంది. లోపల బూడిద రంగు పదార్థంలో సహసంబంధ నాడీకణం వార్తను అందుకుని చాలక నాడీకణానికి ఇస్తుంది. దీని కణదేహం మాత్రం వెన్నుపాము లోపలే ఉంటుంది. ఇక్కడి నుంచి నీలిగీత. ఉదర మూలం (ముందువైపు మూలం) గుండా బయటికి వచ్చి చేతిని మడిచే కండరానికి చేరుతుంది. చివరగా వెన్నుపాము నుంచి మెదడుకు ఒక చుక్కల గీత వేయండి. నొప్పి తెలిసేది ఆ గీత చివరే. చెయ్యి ముందు వెనక్కి రావడం, 'అబ్బా' అనడం తర్వాత ఎందుకో బొమ్మే చెబుతుంది.

ఎక్కువ తప్పులు జరిగేది ఈ బొమ్మ దగ్గరే. పృష్ఠ, ఉదర మూలాలు తారుమారు చేస్తారు. 'నాడీసంధి', 'నాడీకణ సంధి' ఒకటే అనుకుంటారు. మొదటిది కణదేహాల గుంపు, అంటే గాంగ్లియాన్, పైన గీసిన ఉబ్బు అదే. రెండోది సినాప్స్, ఒక కణం నుంచి మరో కణానికి వార్త దాటే చోటు. ఇంగ్లిష్ మీడియం నోట్సు, తెలుగు పుస్తకం కలిపి చదివేవాళ్లు రెండు పేర్లూ పక్కపక్కన రాసుకోవాలి. ఇంకో పొరపాటు, ఇలా ఆలోచించకుండానే చటుక్కున జరిగే ప్రతీకార చర్యలన్నిటిలో సహసంబంధ నాడీకణం ఉంటుందనుకోవడం. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగిరే చర్యలో అది ఉండదు, జ్ఞాన కణం నేరుగా చాలక కణాన్నే తాకుతుంది. అలాగే ప్రతీకార చర్య అనగానే వెన్నుపాము అని టిక్ పెట్టేయకండి. కంట్లో టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతుంది. ఆ వార్త 2వ కపాల నాడిలో (కపాల నాడులంటే నేరుగా మెదడుకు కలిసేవి) లోపలికి, మధ్య మెదడు దాటి, 3వ నాడిలో బయటికి వస్తుంది.

కపాల నాడులు 12 జతలు. జ్ఞాన నాడులు 1, 2, 8. మిశ్రమ నాడులు, అంటే రెండు పనులూ చేసేవి, 5, 7, 9, 10. మిగిలిన 3, 4, 6, 11, 12 చాలక నాడులు. మూడు, నాలుగు, ఐదు కలిపితే పన్నెండు, లెక్క సరిచూసుకోవడం తేలిక.

వెన్ను నాడులు 31 జతలు: మెడలో 8, ఛాతీ భాగంలో 12, నడుములో 5, త్రికంలో (నడుము కింది భాగం) 5, అనుత్రికంలో (వెన్ను చివర) 1. మెడలో వెన్నుపూసలు 7 కదా, నాడులు 8 ఎలా? మెడలోని మొదటి ఏడు నాడులు తమ తమ పూసల పైనుంచి బయటికి వస్తాయి, ఎనిమిదోది ఏడో పూస కింది నుంచి వస్తుంది. కారణం తెలిస్తే ఆ 8 ఇక మరచిపోరు.

బూడిద రంగు పదార్థం మస్తిష్కంలో పైపొరగా ఉంటే, వెన్నుపాములో లోపల సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. ఈ ఒక్క తేడాను ఎన్ని రకాలుగానైనా తిప్పి అడగొచ్చు.

ప్రచోదనం, అంటే నాడీకణంలో సాగే విద్యుత్ వార్త, ఆ భాగంలో అంకెలు కొన్నే. విరామంలో కణం లోపల సుమారు -70 మిల్లీవోల్టులు. సోడియం లోపలికి దూసుకొస్తే +30 దాకా పోతుంది. పొటాషియం బయటికి పోవడంతో మళ్లీ దిగుతుంది. ఆ దిగడం సోడియం-పొటాషియం పంపు పని అని రాస్తే తప్పు. పంపు ఒక్కో ఏటీపీకి (కణానికి శక్తినిచ్చే అణువు) 3 సోడియం బయటికి, 2 పొటాషియం లోపలికి పంపుతూ దీర్ఘకాలంలో తేడాను నిలుపుతుంది, అంతే. నాడీ తంతువును చుట్టి ఉండే మయలిన్ తొడుగు ఉన్నచోట ప్రచోదనం రాన్వీర్ కణుపు (తొడుగు మధ్యలోని ఖాళీ) నుంచి కణుపుకు దూకుతుంది, అందుకే వేగం.

గుండె, జీర్ణక్రియ వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచోదిత నాడీ వ్యవస్థలో 'సహానుభూత వ్యవస్థ (ఆపదలో పనిచేసే సింపథెటిక్ భాగం) అన్నిటినీ పెంచుతుంది' అన్న అడ్డదారి ముంచేస్తుంది. వీధికుక్క వెంటపడిందనుకోండి. గుండె వేగం పెరుగుతుంది, కంటిపాప పెద్దదవుతుంది. కానీ నోరు ఎండిపోతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. సహానుభూత పర (పారాసింపథెటిక్) వ్యవస్థకు వీటన్నిటినీ తిప్పి రాసుకోండి. దాని నాడులు మెదడు, త్రికం నుంచి బయలుదేరతాయి, సహానుభూతవి ఛాతీ, నడుము భాగాల నుంచి.

మొదటి రోజు పుస్తకం చూస్తూ గీయండి. మర్నాడు పుస్తకం మూసి గీసి, తప్పిన చోట మాత్రమే చదవండి. నాలుగో రోజు, పదో రోజు మళ్లీ. ప్రతిసారీ ఇరవై నిమిషాలు చాలు.