ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద పడవ కాపురం

నీటిపారుదల శాఖలో నా ఉద్యోగ జీవితమంతా గోదావరి డెల్టా కాలువల గట్ల మీదే గడిచింది. పదవీ విరమణ చేశాక, ఇంగ్లండులో నారోబోటు అనే సన్నని పొడవాటి కాలువ పడవనే ఇల్లు చేసుకుని కాపురముంటున్న మా అమ్మాయి, అల్లుడితో కలిసి కాలువ ప్రయాణం చేసే అవకాశం కలిగింది. వాళ్ల పడవ పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పడకగది, స్నానాలగది, వంటిల్లు, బొగ్గూ కట్టెలూ వేసుకునే ఇనుప పొయ్యి, ఇద్దరూ ఆఫీసు పని చేసుకునే బల్ల అన్నీ అందులో ఒకదాని వెనుక ఒకటిగా అమరి ఉన్నాయి. ఒకరు నడుస్తుంటే రెండోవారు గోడకు ఒదిగి దారి ఇవ్వాలి. వార్విక్‌షైర్‌లోని నాప్టన్ దగ్గర పడవెక్కి, ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద దక్షిణంగా ఆక్స్‌ఫర్డ్ నగరం దాకా వెళ్లాము.

ఇంటికి ఇంత ఇరుకెందుకంటే, లాకులు ఇరుకు కాబట్టి. లాకు అంటే రెండు చివరలా తలుపులుండి, లోపలి నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దింపే గది. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ఇంగ్లండు మధ్య ప్రాంతంలో కాలువలు తవ్వించినప్పుడు లాకు వెడల్పును సుమారు 7 అడుగులకు, పొడవును 72 అడుగులకు కుదించాడు. తవ్వకం ఖర్చు తగ్గింది, నీరూ ఆదా అయింది. గట్టు మీద నడిచే ఒక్క గుర్రం 25, 30 టన్నుల బొగ్గును లాగగలిగేది. ఈ కాలువ పూర్తయి, కావెంట్రీ వైపు గనుల బొగ్గు 1790లో ఆక్స్‌ఫర్డ్ చేరేనాటికి బ్రిండ్లీ చనిపోయి 17 ఏళ్లు దాటింది.

నాప్టన్ దగ్గర వరుసగా 9 లాకులు ఎక్కాలి. మన డెల్టాలో లాకు తలుపులు తీయడానికి శాఖ తరఫున లస్కర్లు ఉంటారు. ఇక్కడ ఆ పని ప్రయాణికులదే. మా అల్లుడు పడవను లాకులోకి తెచ్చి నిలిపేవాడు. అమ్మాయి గట్టు మీద విండ్‌లాస్ అనే వంపు తిరిగిన ఇనుప పిడితో నీరు వదిలే షట్టర్లు ఎత్తేది. లోపల నీరు పై మట్టంతో సమానమయ్యేదాకా తలుపు ఎంత నెట్టినా కదలదు. సమానమయ్యాక దూలానికి వీపు ఆనించి కాళ్లు నేలకు తన్నిపెడితే, టన్ను పైగా బరువున్న ఓక్ కర్ర తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. ఆ నేలలో కాళ్లు జారకుండా అర్ధవృత్తాకారంలో ఇటుకలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. వాటి అంచులు అరిగి నున్నబడ్డాయి. 200 ఏళ్లకు పైగా మనుషులు తన్నిపెట్టిన చోట నేనూ కాలు పెట్టి తలుపు నెట్టాను.

"నాన్నా, ఒక్క లాకు దాటితే ఎన్ని నీళ్లు పోతాయి?" అని అమ్మాయి అడిగింది. 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల దిగుడు వేసుకుంటే సుమారు లక్ష లీటర్లు. మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట తలదగ్గర నది నీరు కాలువలోకి దిగి తనంతట తాను పల్లానికి పారుతుంది. అదే నీటి మీద పడవా నడిచేది, వరీ పండేది. ఈ కాలువ అలాంటిది కాదు. ఇది గుట్టలెక్కి, రెండు పక్కలా దిగుతుంది. ఎవరు ఏ వైపు దిగినా అన్నిటికన్నా ఎత్తయిన భాగంలోని నీటినే కిందికి వదలాలి. ఆ ఎత్తుకు నీరు చేర్చడానికే బాడింగ్టన్, వర్మ్‌లైటన్ వంటి చెరువులు కట్టారు. వేసవి ఎండ ముదిరితే చెరువు మట్టం చూసుకుని లాకులకు వేళలు పెట్టవలసి వస్తుంది.

ఆ ఎత్తయిన భాగంలో, మార్‌స్టన్ డోల్స్ నుంచి క్లేడన్ దాకా సుమారు 11 మైళ్ల పొడవున ఒక్క లాకు లేదు. సూటిగా కొలిస్తే ఆ దూరం దాదాపు సగమే. గుట్టను కోయకుండా, లోయను పూడ్చకుండా, ఒకే మట్టం పట్టుకుని భూమి ఎటు తిరిగితే అటు తిరిగిన కాలువ ఇది. వర్మ్‌లైటన్ గుట్ట చుట్టూ తిరుగుతుంటే ఒకే ఇల్లు ఒకసారి కుడివైపు, కాసేపటికి ఎదురుగా, తరువాత వెనుక కనబడింది. ఉత్తర భాగంలో ఇలాంటి మెలికలను 1830ల ప్రాంతంలో కోసి తిన్నగా చేశారు. దక్షిణ భాగానికి ఆ గతి పట్టనందుకు నేను సంతోషించాను. లెవెలింగ్ పరికరం మోసిన వాడిగా చెబుతున్నాను, అంత దూరం ఒకే మట్టాన్ని తప్పకుండా లాక్కురావడం గొప్ప పనితనం.

పడవ వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు. గట్టుకు కట్టిన పడవల పక్కన ఇంకా నెమ్మదించాలి, లేకపోతే వాటి తాళ్లు తెగేంత ఊపు వస్తుంది. ఎడమకు తిరగాలంటే చుక్కాని పిడిని కుడికి నెట్టాలి.

కాలువ నీటి లెక్కే ఇంట్లోనూ నడుస్తుంది. పడవ ముందు భాగంలో సుమారు 400 లీటర్ల ట్యాంకు ఉంది. అమ్మాయి బియ్యం కడిగిన నీళ్లను గిన్నెలో పట్టి పడవ కప్పు మీది కొత్తిమీర కుండీకి పోసేది. మరుగుదొడ్డి పెట్టెను నిర్ణీత స్థలాలకు మోసుకెళ్లి ఖాళీ చేయాలి; ఆ పని అల్లుడిది. కరెంటు కప్పు మీది సోలార్ పలకల నుంచి వస్తుంది, మబ్బు పడితే ఇంజను తిప్పాలి. సొంత రేవు లేనివారు 1995 చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు, ముందుకు సాగుతూనే ఉండాలి. శాశ్వత చిరునామా లేకపోవడం వల్ల ఉత్తరాలకూ డాక్టరుకూ పడే ఇబ్బందులు విన్నప్పుడు తండ్రిగా నాకు బెంగ కలిగింది. కానీ సాయంత్రం పడవ కట్టి చారుకు పోపు పెడితే, పక్క పడవలోని ముసలాయన కిటికీ తీసి ఏం వండుతున్నారని అడిగి, తన తోటలోని ఆపిల్ పళ్లు తెచ్చి ఇచ్చాడు. అటువంటి ఇరుగుపొరుగు వాళ్లకు ఉందని చూసి మనసు కుదుటపడింది.

బాన్‌బరీ దాటాక నేను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూసింది అయ్‌న్హో వియర్ లాకు. చెర్వెల్ నది కాలువను అడ్డంగా దాటే చోటికి కాస్త దిగువన ఉంది. దిగుడు ఒక అడుగు మాత్రమే, కానీ గోడలు రెండు పక్కలకూ వెడల్పుగా విచ్చుకుని వజ్రం ఆకారంలో ఉన్నాయి. కారణం తరువాతి లాకు. సోమర్టన్ లాకు 12 అడుగుల లోతు. ఒక్కసారి నిండాలంటే లక్షన్నర లీటర్లకు పైగా కావాలి. ఒక అడుగే దిగే పై లాకు ఇరుకుగా ఉంటే అంత నీరు కిందికి అందదు. లోతు లేని లోటును వైశాల్యంతో పూడ్చారు. ఆనాటి ఇంజనీరుకు మనసులో నమస్కరించాను. సోమర్టన్‌లో దిగుతున్నప్పుడు పాచి పట్టిన తడి గోడలు తలపైకి లేచి, ఆకాశం సన్నని చీలికలా మిగిలింది. పడవ వెనుక భాగం లాకులోపలి రాతి గడప మీద చిక్కుకుంటే మునిగిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ గడపకు గుర్తుగా వేసిన తెల్ల గీత దాటి ముందుకు ఉన్నామో లేదో అల్లుడు మాటిమాటికీ వెనక్కి చూసుకున్నాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో కాలువ హైత్ బ్రిడ్జ్ వీధి దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒకప్పుడు బొగ్గు పడవలు ఆగిన రేవును పూడ్చేశారు, ఆ స్థలంలో ఇప్పుడు నఫీల్డ్ కళాశాల ఉంది. అంత కష్టపడి దింపిన నీటికి అసలు గమ్యమే లేకుండా చేశారనిపించింది. మేము ఐసిస్ లాకు గుండా థేమ్స్ నదిలోకి దిగి, ఎగువకు సాగి, డ్యూక్స్ కట్ ద్వారా మళ్లీ కాలువలోకి వచ్చాము. థ్రప్‌లో కొళాయి దగ్గర పడవ ఆపి ట్యాంకు నింపుతుండగా, చలికాలంలో ఏయే లాకులు మరమ్మతుకు మూస్తారో జాబితా తీసి, ఏ ఊళ్ల మధ్య ఉంటే బొగ్గు అమ్మే పడవ అందుతుందో వాళ్లిద్దరూ లెక్క వేసుకోసాగారు.