ఆడలేక గడ్డి నీలం

బాయిసీ స్టేట్ యూనివర్సిటీలో చదివామంటే మనవాళ్లలో చాలామంది "అదెక్కడ?" అంటారు. ఐడహో అని చెప్తే బంగాళాదుంపలు గుర్తొస్తాయి. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లతో ఆ బాధ లేదు. "నీలం గ్రౌండా!" అని ఠక్కున పట్టేస్తారు. ఆ వెంటనే తమ టీమ్ అక్కడ ఎందుకు ఓడిందో చెప్పడం మొదలెడతారు.

మా పిన్ని కొడుకు యూటా స్టేట్‌లో చదివేవాడు. మ్యాచ్ అయిన రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, మీవాళ్లు కనబడితే కదా పట్టుకోవడానికి!" అన్నాడు. నీలం జెర్సీ, నీలం ప్యాంటు, కింద నీలం టర్ఫ్ (కృత్రిమ గడ్డి). అన్నీ కలిసిపోయి మన ఆటగాళ్లు మాయమైపోతారట. కళ్లు జిగేల్మంటాయన్నవాళ్లూ ఉన్నారు. బాతులు చెరువనుకుని దిగి ప్రాణాలు పోగొట్టుకుంటాయన్న కథ సరేసరి. ఆ చచ్చిన బాతును చూసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ టర్ఫ్ 1986లో వేశారు. పాత పచ్చ టర్ఫ్ అరిగిపోతే, మళ్లీ పచ్చదే వేస్తే ఎవరు గమనిస్తారని అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ జీన్ బ్లేమయర్ రంగు మార్చేశారు. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది మన టీమ్ ఐదు గెలిచి ఆరు ఓడింది. మాయ ఇంకా ఆరలేదేమో! 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఒక్లహోమాను ఓవర్‌టైమ్‌లో 43-42తో ఓడించింది అరిజోనాలో, అచ్చమైన పచ్చగడ్డి మీద. ఈ మాట ఎత్తితే మా తమ్ముడు వెంటనే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

నోటి సాకుగా ఉన్నంతవరకూ నవ్వుకున్నాం. 2011లో మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో (తమలో తాము పోటీపడే కాలేజీల కూటమిలో) మన టీమ్ చేరినప్పుడు అదే సాకు నియమమై కూర్చుంది: సొంత గ్రౌండులో కాన్ఫరెన్స్ మ్యాచ్ ఆడేటప్పుడు పైనుంచి కిందిదాకా నీలం వేసుకోకూడదు! అదే కాన్ఫరెన్స్‌లో కొలరాడో స్టేట్ వాళ్లు పచ్చ జెర్సీలతో పచ్చ గ్రౌండులో ఆడుకుంటుంటే ఎవరికీ కళ్లు చెదరలేదు. మా ఇంట్లో సీనియర్ అన్న ఒకాయన ఉండేవారు. అపార్ట్‌మెంటుకి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, "రంగుకీ గెలుపుకీ సంబంధం లేదు బాబూ" అని గంటసేపు వాదించేవారు. వంట వంతు ఆయనదైతే ఆ రోజు అన్నం మాడేది.

ఆ నవంబరులో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మన గ్రౌండుకి వచ్చింది. చివరి నిమిషాల్లో టచ్‌డౌన్ చేసి, ఒక పాయింటు కిక్‌తో సమం చేసుకునే దారి వదిలేసి, రెండు పాయింట్లకి తెగించి 36-35కి వెళ్లింది. మనకింకా అవకాశముంది. 39 గజాల ఫీల్డ్ గోల్ కిక్, పడితే మూడు పాయింట్లు, ఆఖరి క్షణం. బంతి కుడిపక్కకి పోయింది. అంతకుముందు ఏడాది రీనోలో నెవాడాతో 26 గజాలదీ 29 గజాలదీ తప్పిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది మరి.

స్టేడియం నుంచి నది పక్కగా నడుస్తూ ఇంటికి బయల్దేరాం. చలి. మాటల్లేవు. వంతెన దగ్గర సీనియర్ అన్న జేబుల్లోంచి చేతులు తీశారు.

"అసలు మనల్ని పూర్తి నీలం వేసుకోనివ్వలేదు కాబట్టి గానీ..."

"అన్నా!" అన్నాం అందరం ఒక్కసారే.

ఆ నియమాన్ని 2013లో ఎత్తేశారు. అప్పటికి ఆయన ఆస్టిన్‌లో ఉద్యోగంలో ఉన్నారు. వార్త మొదట మాకు పంపింది ఆయనే.