మెగా మ్యాన్ 2 డిఫికల్ట్ మోడ్, ఉత్త బస్టర్‌తో: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చానంటే

ఎనిమిది మంది బాస్‌లూ అయిపోయారు, విలన్ డాక్టర్ వైలీ కోటలో డ్రాగన్ కూడా పడింది, ప్రస్తుతం నాలుగో స్టేజ్‌లో గోడ తుపాకుల గది దగ్గర ఆగి ఉన్నా. ఇదే దారిలో వెళ్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఎక్కడ ఏం చేస్తే పని జరిగిందో రాసి పెడుతున్నా.

ముందు రూల్స్. గేమ్ జపాన్‌లో 1988 డిసెంబర్‌లో రాక్‌మ్యాన్ 2 పేరుతో వచ్చింది, అమెరికాకి 1989లో. అమెరికా వెర్షన్ మొదట్లోనే నార్మలా డిఫికల్టా అని అడుగుతుంది. పేరు చూసి భయపడక్కర్లేదు, ఆ డిఫికల్ట్ అనేదే అసలు జపాన్ గేమ్, నార్మల్ అంటే బాస్‌లకి మన దెబ్బ గట్టిగా తగిలేలా మార్చి తేలిక చేసింది. నేను డిఫికల్ట్ తీసుకున్నా, బాస్‌ల దగ్గర గెలుచుకున్న ఆయుధాలు వాడకూడదు, మొదటినుంచీ చేతికుండే మామూలు తుపాకీ, అదే బస్టర్, ఒక్కటే, సేవ్ ముట్టుకోకూడదు, పాస్‌వర్డ్ మాత్రం ఓకే ఎందుకంటే అది గేమ్‌లోదే. ఆడుతున్నది లెగసీ కలెక్షన్‌లో (పాత మెగా మ్యాన్ గేముల సెట్), పీసీ నుంచి టీవీకి కేబుల్, వైర్ ఉన్న ప్యాడ్. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం మర్చిపోవద్దు, అది లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గెంతుతాడు, క్విక్ మ్యాన్ దగ్గర ఆ కాస్త ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

అసలు ఈ రూల్ ఎందుకు పెట్టుకున్నానంటే, ఒక్క మాటలో చెప్పాలంటే బాస్‌ని ఓడించాక వచ్చే ఆ గెలుపు ట్యూన్ కోసం. ఇది నేను బాగా ఆలోచించే చెప్తున్నా. ఈ గేమ్ వచ్చిన ఆ పాత నింటెండో మెషిన్ సౌండ్ చిప్‌లో ఛానల్స్, అంటే ఒకేసారి మోగగల గొంతులు, చాలా తక్కువ, పల్స్ రెండు, ట్రయాంగిల్ ఒకటి, డ్రమ్స్‌కి నాయిస్, ఇంకో శాంపిల్ ఛానల్, అంతే. మనం పేల్చినప్పుడల్లా ఆ సౌండ్ కోసం పాటలోంచి ఒక ఛానల్‌ని లాగేసుకుంటుంది, అంటే ఫైట్ జరిగినంతసేపూ మనం బాస్ మ్యూజిక్‌ని చిరుగుల చిరుగులుగానే వింటాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి పేల్చకుండా నిలబడి వినండి, ఆ తర్వాత పేలుస్తూ వినండి, తేడా తెలిసిపోతుంది. బాస్ పోగానే పాట టక్కున ఆగిపోతుంది, రింగులు రింగులుగా పేలుడు, చిన్న ఖాళీ, అప్పుడు ఆ బుల్లి ట్యూన్ ఏ అడ్డూ లేకుండా నిండుగా వస్తుంది. కొన్ని సెకన్లే. కానీ అప్పటిదాకా నరాలు బిగబట్టుకుని ఆడిన చెవికి అది ఎలా వినిపిస్తుందో ఆడినవాళ్లకే తెలుసు. ఫైనల్ ఫాంటసీలో ఉయెమత్సు కట్టిన విక్టరీ ట్యూన్ కూడా నాకు చాలా ఇష్టం, కానీ అది చిన్న చిన్న ఫైట్ల తర్వాత కూడా వస్తూనే ఉంటుంది, ఇక్కడ స్టేజ్ మొత్తం దాటి బాస్‌ని పడగొడితేనే. ఆ బాస్‌కి బాగా తగిలే వీక్‌నెస్ ఆయుధంతో గబగబా చంపేస్తే అదే ట్యూన్ వస్తుంది గానీ అంత రుచి ఉండదు. మన చిన్నప్పుడు వీడియో గేమ్ షాపుల్లో కాంట్రా ఆడిన వాళ్లకి ఫస్ట్ స్టేజ్ గోడ పేలాక వచ్చే ట్యూన్ గుర్తుండే ఉంటుంది, అదీ ఇలాంటిదే.

సరే, ఫైట్లకొస్తే అందరికీ పనికొచ్చేవి రెండు ముక్కలు. స్క్రీన్ మీద మన బుల్లెట్లు ఒకేసారి మూడే ఉంటాయి, కాబట్టి దగ్గరగా నిలబడితే అవి త్వరగా తగిలి మళ్లీ పేల్చే వీలొస్తుంది. రెండోది, దెబ్బ తగలగానే బాస్ కాసేపు మిణుకుమిణుకుమంటాడు, ఆ టైమ్‌లో పడే బుల్లెట్లు వేస్ట్. బటన్ దంచేయడం వల్ల ఉపయోగం లేదు, తాళం వేసినట్టు ఆగి ఆగి కొట్టాలి. బాస్ లైఫ్ 28 గీతలు, డిఫికల్ట్‌లో బస్టర్ దెబ్బ చాలా చిన్నది, అందుకే ఫైట్ సాగుతుంది, కంగారు పడకూడదు. ఈ గేమ్‌లో స్లైడ్ లేదు, ఛార్జ్ షాట్ కూడా లేదు, అవి తర్వాతి గేముల్లో వచ్చాయి.

క్రాష్ మ్యాన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే బస్టర్‌తో ఆడితేనే వీడి అందం తెలుస్తుంది. అటూ ఇటూ పరిగెడుతుంటాడు, మనం పేల్చిన మరుక్షణం గెంతి పైనుంచి బాంబు విసురుతాడు. అంటే వాడెప్పుడు గెంతాలో డిసైడ్ చేసేది మనమే! కాబట్టి వాడు మన వైపు పరిగెత్తుకొస్తున్నప్పుడు మధ్య దూరంలో ఉండగా ఒక్క షాట్ ఊరికే పేల్చాలి, వాడు గాల్లోకి లేవగానే కిందనుంచి అవతలికి నడిచిపోవాలి, వెనక్కి తిరిగి వాడి కాళ్లు నేలని తాకేటప్పుడు ఒకటి కొట్టాలి, బాంబు మనం ముందు నిలబడ్డ చోట పేలుతుంది, మనం అక్కడ ఉండం. ఇదే మళ్లీ మళ్లీ. చెయ్యి అలవాటు పడ్డాక వాడితో కలిసి డాన్స్ చేస్తున్నట్టే ఉంటుంది. వీడి వీక్‌నెస్ అయిన ఎయిర్ షూటర్‌తో చంపేసేవాళ్లు ఈ ఫైట్‌ని అసలు చూడనే చూడరు.

ఎయిర్ మ్యాన్‌ని ఓడించలేకపోతున్నాం అని జపాన్‌లో ఫ్యాన్స్ ఏకంగా పాటే కట్టారు, కష్టం నిజమే. వాడు వదిలే సుడిగాలులు ఎక్కడపడితే అక్కడ వచ్చినట్టుంటాయి గానీ కాదు, కొన్ని ఫిక్స్‌డ్ అమరికలే తిరిగి తిరిగి వస్తాయి. ఒక్కో అమరికకి ఎక్కడ నిలబడితే సందు దొరుకుతుందో చూసుకోవాలి, కొన్నిటికి అసలు సందే ఉండదు, అక్కడ ఒక దెబ్బ తిని బదులుగా కొట్టడమే లెక్క. వుడ్ మ్యాన్ ఆకుల కవచం విసిరిన తర్వాతే కొట్టండి, ముందు కొడితే ఏమీ కాదు. బబుల్ మ్యాన్ గదిలో పైకప్పంతా ముళ్లు, నీళ్లలో గెంతు చాలా పైకి పోతుంది, బటన్ తట్టి వదిలేయాలి. హీట్ మ్యాన్ దెబ్బ తగలగానే మంటగా మారి మీదికి దూసుకొస్తాడు, కొట్టిన వెంటనే గెంతడానికి రెడీగా ఉంటే చాలు. ఫ్లాష్ మ్యాన్, మెటల్ మ్యాన్ పెద్ద కష్టం కాదు.

క్విక్ మ్యాన్ దగ్గర ఫైట్ కన్నా ముందు లేజర్ల మధ్య కిందికి దిగే బావి లాంటి దారే పెద్ద గండం, తగిలితే లైఫ్ ఎంత ఉన్నా ఒక్కసారే పోతాం. ఫ్లాష్ మ్యాన్ దగ్గర దొరికే టైమ్ స్టాపర్ ఆయుధం వాడితే ఆగుతాయి గానీ నా రూల్ ప్రకారం ఆ దారి లేదు. ఒక స్క్రీన్‌లోంచి కిందికి పడేముందే తర్వాత ఎటు వెళ్లాలో ఆ బటన్ నొక్కి ఉంచాలి, చూసి నిర్ణయించుకుందాం అంటే అప్పటికే ఆలస్యం. పక్కన కనిపించే ఐటమ్‌ల జోలికి పోవద్దు. రూట్ కాగితం మీద బాణం గుర్తులతో గీసుకున్నా, అది టీవీ పక్కనే అతికించా.

వైలీ కోటలో పాస్‌వర్డ్ పనిచేయదు, అది ఓడిన బాస్‌లని, ఈ-ట్యాంకులని (లైఫ్ మళ్లీ నింపేవి) మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, ఆపితే మళ్లీ కోట మొదటి స్టేజ్ నుంచే. అందుకే ముందే నాలుగు ఈ-ట్యాంకులూ నింపుకుని పాస్‌వర్డ్ రాసుకోండి, అంతకన్నా ఎక్కువ పట్టవు. డ్రాగన్‌తో ఫైట్ చిన్న చిన్న దిమ్మెల మీద నిలబడి, నిప్పు తగిలితే వెనక్కి నెట్టేస్తుంది, కాబట్టి దిమ్మెకి డ్రాగన్ వైపు అంచున నిలబడితే నెట్టినా దిమ్మె మీదే ఉంటాం. స్టేజ్ 1 మ్యూజిక్ గురించి వేరే చెప్పాలా, తకాషి తతేయిషి చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, అందుకే ఆ స్టేజ్ మళ్లీ మొదటినుంచి ఆడాల్సొచ్చినా బాధ ఉండదు.

ఇప్పుడు నాలుగో స్టేజ్ బాస్, అదే అయిదు గోడ తుపాకులు. వీటికి క్రాష్ మ్యాన్ దగ్గర గెలుచుకున్న క్రాష్ బాంబర్ తప్ప ఇంకేదీ తగలదు, బస్టర్ రూల్ ఇక్కడ ఆపేయక తప్పదు, చివరి బాస్ ఏలియన్‌కి బబుల్ మ్యాన్ ఆయుధం బబుల్ లెడ్ కూడా అంతే. క్రాష్ బాంబర్ నిండుగా ఉంటే ఏడు బాంబులొస్తాయి, తుపాకులు అయిదు, మధ్యలో గోడలు బద్దలుకొట్టడానికీ అవే బాంబులు. ఈ ఒక్క ఫైట్ మాత్రం నాకు నచ్చలేదు. మిగతా అందరి దగ్గరా ఓడిపోతే ఎందుకు ఓడానో తెలుస్తుంది, మళ్లీ వెళ్లి ఆ పని సరిగ్గా చేయొచ్చు, ఇక్కడ ఒక బాంబు తప్పిపోతే మిగతా ఆటంతా దండగ, చచ్చి తిరిగొచ్చినా బాంబులు నిండవు, శత్రువులు వదిలే ఎనర్జీ ఏరుకుంటూ కూర్చోవాలి. గేమ్ ఓవర్ అయ్యి కంటిన్యూ కొడితే మాత్రం అన్నీ నిండిపోతాయి, స్టేజ్ మొదటికి వెళ్లినా అదే నయం.

తర్వాతి ప్లాన్ ఇదీ: కొన్ని గోడల్ని పగలగొట్టకుండా ఐటమ్-1 మెట్లతో (గాల్లో తేలే మెట్లు) పైనుంచి దాటాలి, అలా చేస్తే ఒకటో రెండో బాంబులు మిగులుతాయి. ఏ గోడ దాటాలో, ఏది పగలగొట్టాలో ఆర్డర్ గీసుకుంటున్నా. అది కుదిరితే తర్వాత ఎనిమిది మందితో మళ్లీ ఫైట్, అక్కడ మెటల్ మ్యాన్‌కి వాడి బ్లేడ్‌తోనే రెండు దెబ్బల్లో చావు రాసిపెట్టి ఉంది, కానీ నేను బస్టర్‌తోనే కొడతా.