పాచిక వేయకముందే ఆట

"అన్నా, నీ ఎల్ఫ్ ఆటగాడు ఎటునుంచి వస్తాడో చెప్పు" అన్నాను. అన్న బోర్డు మీదికి వంగి చాలాసేపు చూశాడు. పాచిక వేయకుండా నా వరసను దాటే దారి ఒక్కటీ లేదు!

ఈ సాయంత్రం కూకట్‌పల్లిలో అన్న వాళ్ళింట్లో బ్లడ్ బౌల్. ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌ల లాంటి కల్పిత జాతుల జట్లు బంతి కోసం కొట్టుకునే బోర్డు ఆట ఇది. మైదానం పొడవు 26 గడులు, వెడల్పు 15, జట్టుకు 11 మంది. కిక్‌కు ముందు మనవాళ్ళను ఎక్కడ నిలబెడతామన్నది మన ఇష్టం. మధ్య గీత మీద కనీసం ముగ్గురుండాలి, అంచుల్లో ఒక్కో వైపు ఇద్దరికి మించకూడదు, అంతే.

నాకు చదరంగం ఓపెనింగ్ పనికొచ్చేది ఇక్కడే. ఒక్కో ఆటగాడు చుట్టూ ఉన్న 8 గడులకు కాపలా. అందుకే ఇద్దరి మధ్య రెండు గడులు ఖాళీ వదిలినా ఆ సందు మూసుకున్నట్టే. అందులో దూరినవాడు బయటపడాలంటే పాచిక వేయాల్సిందే. బంట్లు ఒకదానికొకటి కాపు కాసినట్టు ఉంటుంది.

పాచికలాట అంటే అంతా లక్కే అని కొందరు తీసిపారేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. బ్లాక్ స్కిల్ (ఇద్దరూ పడాలని పాచిక చెప్పినా తను నిలబడే నేర్పు) లేనివాడు ఒక్క పాచికతో తలపడితే మూడింట ఒకసారి తనే పడతాడు, టర్న్ కూడా పోతుంది. పక్కన ఒకణ్ణి సాయం పెట్టి రెండు పాచికలు తెచ్చుకుంటే అది తొమ్మిదింట ఒకసారే. ఆ సాయం నిలబెట్టడం ఎత్తుగడ కాక మరేంటి?

వచ్చే ఆదివారం డ్వార్ఫ్‌లతో వస్తానన్నాడు అన్న. వాళ్ళలో చాలామందికి బ్లాక్ ఉంటుంది, కాబట్టి గీత మీద ముగ్గురినే ఉంచి, మిగతా గోడంతా వెనక్కి జరపాలి.