గురువారం మధ్యాహ్నం పన్నెండుకి వాలెన్సియాలో

సెప్టెంబర్‌లో అమ్మానాన్నలను వాలెన్సియా తీసుకెళ్తున్నాం. స్పెయిన్ తూర్పు తీరంలో ఉన్న ఈ ఊరి పేరెత్తగానే ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఆఫీసువాళ్లందరూ బీచ్ గురించే చెప్పారు. బీచ్ బాగుంటుంది, కాదనను. కానీ నేను టికెట్లు చూసుకున్నది గురువారాన్ని బట్టి.

ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు అక్కడి కెథెడ్రల్ గుమ్మం ముందు నీటి కోర్టు కూర్చుంటుంది. తూరియా నది నుంచి చుట్టుపక్కల పొలాలకు వెళ్లే కాలువల కింద రైతులు తమలోంచి ఎన్నుకున్న రైతులే అక్కడ జడ్జీలు. నల్లటి వదులు చొక్కాలు వేసుకుని, చెక్క కుర్చీల్లో వరుసగా కూర్చుంటారు. కాలువల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు. ఫిర్యాదు ఉంటే విచారణ, లేకపోతే కాసేపట్లోనే లేచిపోతారు. లాయర్లు ఉండరు, కాగితాలు ఉండవు, అంతా నోటి మాటే. తీర్పు అక్కడికక్కడే, దాని మీద అప్పీలు లేదు. పక్కవాడి వంతులో నీళ్లు తిప్పుకున్నా, తన వాటా కాలువ బాగు చేసుకోకపోయినా జరిమానా పడుతుంది. అరబ్బుల కాలం నాటి కాలువల పద్ధతి ఇది. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

నాన్నది కోనసీమలో శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరి భూమి. ఎగువవాళ్లు తూము దగ్గర మట్టి వేసేస్తే దాళ్వాలో, అంటే రెండో పంటకి, మా చేలు నెర్రెలిచ్చేవి. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బోదె వెంట నడిచి వెళ్లేవారు. కాలువ నీళ్లు చూసే లష్కర్‌ని బతిమాలేవారు, గట్టు మీద మాటా మాటా అనుకునేవారు, తెల్లారి మళ్లీ అదే మనిషితో టీ తాగేవారు. వాలెన్సియా కాలువల్లో ఎవరికీ ఇన్ని నీళ్లని ఖాయంగా ఉండదు. నదిలో ఎన్ని ఉంటే అందులో వాటా. తగ్గితే అందరికీ తగ్గుతాయి. ఫోన్‌లో ఈ మాట చెబితే నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "శివారు వాడికి కూడానా అమ్మా?" అని అడిగారు. నాకు ఆ ప్రశ్నే చాలు. మిగతా ట్రిప్ ఎలా ఉన్నా ఆ గుమ్మం ముందు నాన్నను నిలబెట్టాలి. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పి ఉంచాను. అక్కడ ఎవరు మాట్లాడాలో కోర్టుకు పెద్దగా కూర్చున్నాయన తన కాలితో చూపిస్తాడట. మనకు తప్పుగా అనిపిస్తుంది, వాళ్లకు అది ఆచారం.

బుధవారం సాయంత్రం దిగుతాం. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో నేరుగా ఊళ్లోకి వస్తుంది. స్పెయిన్‌కి వేరే వీసా అక్కర్లేదు, యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా అమ్మానాన్నలకు ఉంది, అదే సరిపోతుంది. అయినా పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్ కాగితాలు నా బ్యాగులోనే పెట్టుకుంటాను. గురువారం పొద్దున్నే మెర్కాడో సెంట్రల్. పాత ఊళ్లో ఇనుము, గాజు, రంగు టైల్స్‌తో కట్టిన పెద్ద మార్కెట్ అది. మధ్యాహ్నం దాటితే మూసేస్తారు కాబట్టి ముందు అదే. అక్కడి నుంచి కెథెడ్రల్‌కి నడిచే దూరమే.

సాయంత్రాలు అమ్మవి. అమ్మకు సముద్రమంటే అంతర్వేదే. అక్కడ అలల భయానికి పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చేస్తుంది. మాల్వరోసా బీచ్‌లో నీళ్లు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి, మధ్యధరాలో ఆటుపోట్లు దాదాపు ఉండవు, సెప్టెంబర్‌లో నీళ్లింకా వెచ్చగానే ఉంటాయి. నీళ్లలో దిగొచ్చని ఆకుపచ్చ జెండా పెట్టిన రోజు నడుము లోతు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలని నా ఆశ. చీరతోనే దిగుతానంటే చీరతోనే. ఎవరు చూస్తే ఏమిటి?

శుక్రవారం అల్బుఫెరా. ఊరికి దక్షిణాన, సముద్రానికి ఇసుక దిబ్బ మాత్రమే అడ్డంగా ఉన్న మంచినీటి సరస్సు. దాని చుట్టూ వరి చేలు. పయెల్లా అనే బియ్యపు వంటకం పుట్టిన నేల అదే. మే నెలలో నీళ్లు పెట్టిన మళ్లలో విత్తనం చల్లుతారు, మేం వెళ్లేసరికి కోతలు నడుస్తుంటాయి. సిటీ బస్సు ఎల్ పాల్మార్ అనే ఊరి దాకా వెళ్తుంది. అక్కడ పడవ ఎక్కొచ్చు. నాన్న పడవ కంటే గట్ల మీదే ఎక్కువసేపు ఉంటారని నాకు తెలుసు, అందుకే ఆ రోజు ఇంకేమీ పెట్టలేదు.

భోజనం కూడా ఎల్ పాల్మార్‌లోనే. పయెల్లా అక్కడ మధ్యాహ్నం వంట. అసలైన వాలెన్సియా పయెల్లాలో కోడి, కుందేలు, రెండు రకాల చిక్కుళ్లు ఉంటాయి. సముద్రపు చేపలతో చేసేది వేరు. పెద్ద పళ్లెం లాంటి మూకుడులో పల్చగా పరిచి వండుతారు. అడుగున పట్టిన మాడు పొరను సొకర్రాత్ అంటారు, దానికోసం పోటీ పడతారు. కుందేలంటే అమ్మ ముట్టదు. అందుకే రొయ్యల పయెల్లా చెబుతాను. శనివారం అయితే అమ్మ అసలు నీచు తినదు. శుక్రవారం పెట్టడానికి అది కూడా కారణం.

శనివారం అమ్మకు ఓర్చాటా ఉంది. చూఫా అనే చిన్న దుంపలను నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పంచదార కలిపి చల్లగా ఇస్తారు. చుక్క పాలు ఉండవు. పాలు పడని నాన్న కూడా తాగొచ్చు. చూఫా మన తుంగ జాతి మొక్కే. మన చేలల్లో తుంగ పీకలేక నడుములు పడిపోతాయి. ఊరికి ఆనుకుని ఉన్న అల్బొరాయాలో దాని చుట్టమే ముద్దుగా పెంచుకునే పంట.

అదే రోజు తూరియా తోట. 1957 అక్టోబర్‌లో నది పొంగి ఊరిని ముంచేశాక, నదినే ఊరి దక్షిణానికి మళ్లించారు. ఎండిన పాత నదిలో హైవే వేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు. ఇప్పుడది కిలోమీటర్ల కొద్దీ సాగే తోట. నాన్న మోకాళ్లకు ఇబ్బంది లేని చదును దారి, నీడ, పైన పాత రాతి వంతెనలు.

హోటల్ పాత ఊళ్లోనే తీసుకున్నాం. బీచ్ పక్కన కబన్యాల్‌లో, రంగుల టైల్స్ గోడలున్న పాత బెస్తవాళ్ల ఇళ్లలో అద్దె గదులు చవగ్గా కనిపించాయి. కానీ ఆ పేటను పడగొట్టి రోడ్డు వేయకుండా ఏళ్ల తరబడి పోరాడి నిలబెట్టుకున్నది అక్కడివాళ్లే. ఇళ్లన్నీ టూరిస్టు గదులైపోతే వాళ్లెక్కడ ఉంటారు? ట్రామ్‌లో వెళ్లొస్తే మాకు పోయేదేమీ లేదు.

నాకున్న టెన్షనల్లా వాన. అక్కడ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఒక్కసారిగా కుండపోత పడుతుంది. 2024 అక్టోబర్ 29న వరదలో ఆ ప్రాంతంలో 200 మందికి పైగా చనిపోయారు. మళ్లించిన నది వల్ల ఊరు చాలావరకు బయటపడింది, దక్షిణాన ఉన్న ఊళ్లే మునిగాయి. అల్బుఫెరా ఉన్నదీ ఆ వైపే. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే అటు వెళ్లేదే లేదు, నాన్న ఎంత అడిగినా. ఒక్క రోజే వానైతే శుక్రవారం, శనివారం తారుమారు చేస్తాం. అప్పుడు అమ్మకు కూరగాయల పయెల్లా కావాలి, మాంసం ఉడికించిన నీళ్లు పోయకుండా. ముందే చెబితే చేస్తారట. ఎల్ పాల్మార్‌కి రేపే ఫోన్ చేసి అడుగుతాను.