మావయ్య డీఎక్స్7లో సన్నాయి

పెద్ద మావయ్య తన పాత కీబోర్డు డీఎక్స్7ని అమలాపురం నుంచి కాకినాడలో మా ఇంటికి బస్సులో తెచ్చాడు. సుమారు 14 కిలోల పెట్టె. లగేజీ టికెట్టు కొట్టారని గుమ్మంలోనే ఫిర్యాదు. "అమ్మాయ్, దీనికి గొంతు పోయింది. నువ్వు కంప్యూటర్ మీద పనిచేస్తావుగా, చూడు" అంటూ దాన్ని సోఫా మీద పడుకోబెట్టాడు. నేను కంప్యూటర్ మీద చేసే పనల్లా చిన్న చిన్న కొట్లవాళ్ళ జీఎస్టీ రిటర్నులు వేయడం. ఆ సంగతి ఆయనకి చెప్పినా లాభం లేదు.

యమహా ఆ కీబోర్డును 1983లో తెచ్చింది. మావయ్య మద్రాసులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అంతర్వేది తీర్థంలో, కోనసీమ పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో తిప్పాడు. దాని లోపల 32 సౌండ్లు పట్టే మెమరీ ఉంది, దాన్ని బతికించేది ఒక చిన్న బిళ్ళ బ్యాటరీ. ఫ్యాక్టరీలోనే బోర్డుకి టంకం వేసి అతికించేస్తారు. బ్యాటరీ చచ్చింది, సౌండ్లు పోయాయి. వీధి చివర టీవీలు బాగుచేసే అతను పాతది ఊడదీసి, హోల్డర్ పెట్టి కొత్త సీఆర్2032 వేశాడు. కీబోర్డు లేచింది. కానీ 32 గదుల్లోనూ చెత్తే.

కంపెనీ సౌండ్ల గురించి మావయ్యకి బెంగ లేదు. ఆయన బెంగంతా సన్నాయి గురించి. రాత్రులు కూర్చుని సొంతంగా చేసుకున్నది. డీఎక్స్7లో ఒక్కో సౌండుకి 145 సెట్టింగులు, ఆపైన 10 అక్షరాల పేరు. ఆ అంకెలన్నీ ఎరువుల కంపెనీ డైరీలో వరసగా రాసిపెట్టుకున్నాడు, మహానుభావుడు. అయితే కీబోర్డు మీదున్నవి చదునైన బొత్తాలు, అంకెలు మార్చడానికి ఒకే ఒక్క స్లైడరు. ముప్ఫై అంకెలు ఎక్కించేసరికి ఆయన కళ్ళు తిరిగాయి. లాప్‌టాప్‌లో ఎడిటర్ ఉంటే హాయిగా తెర మీద కొట్టి పంపొచ్చు. అక్కణ్ణుంచి మొదలైంది అసలు కథ.

ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించే బాబాయిగారు సాయంత్రానికే వాట్సాప్‌లో ఒక జిప్ ఫైలు పంపారు. కింద మెసేజ్: "పాస్‌వర్డ్ 1234. యాంటీవైరస్ ఆపెయ్యమ్మా. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టు. ఎడిటర్, సౌండ్లు అన్నీ ఉన్నాయి." ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. ఆ ఫైలు ఆయనకి ఎవరిచ్చారో, వాళ్ళకి ఎవరిచ్చారో మాత్రం ఆయనకీ తెలీదు.

నిజం చెప్పాలంటే యాంటీవైరస్ ఆపేసేదాన్నే. మావయ్య పక్కన కూర్చుని "ఇంకా అవలేదా" అంటున్నాడు మరి. కానీ అదే లాప్‌టాప్‌లో పద్దెనిమిది మంది కొట్లవాళ్ళ లాగిన్లు, అమ్మ బ్యాంకు ఖాతా ఉన్నాయి. యాంటీవైరస్ ఆపమన్న దగ్గర చెయ్యి ఆగింది. జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకన్నది ఇంకో ముల్లు. పాస్‌వర్డ్ ఉంటే దారిలో స్కానర్లు మామూలుగా లోపలికి తొంగి చూడలేవు. మిడీ కేబుల్‌లో (కీబోర్డుకీ కంప్యూటర్‌కీ మధ్య కబుర్లు మోసే తీగ అది) నాలుగు అంకెలు పంపడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులతో పనేమిటన్నది మూడోది.

జిప్ విప్పాను, ఏదీ నొక్కలేదు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకని దాచేస్తుంది. వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టాను. సౌండ్ల ఫైలు అని ఉన్నదాని పేరు అసలు ఇదీ: ఆల్ వాయిసెస్ డాట్ ఎస్‌వైఎక్స్ డాట్ ఈఎక్స్‌ఈ. ఎస్‌వైఎక్స్ అంటే సౌండ్ల ఫైలు, కానీ చివరున్న ఈఎక్స్‌ఈ అంటే నొక్కితే నడిచే ప్రోగ్రాం. సైజు 6 ఎంబీ. డీఎక్స్7 సౌండ్ల బ్యాంకు, అంటే 32 సౌండ్లూ కలిసిన ఫైలు, ఎంత ఉండాలో ఆ రాత్రే చదివాను: 32 సౌండ్లకి 128 బైట్ల చొప్పున 4096, ముందు 6 బైట్ల తలకట్టు, చివర సరిచూసుకునే బైటు ఒకటి, ముగింపు బైటు ఒకటి. మొత్తం 4104 బైట్లు. ఒక్క బైటు ఎక్కువ కాదు, తక్కువ కాదు. 6 ఎంబీ సన్నాయి ఎక్కడా ఉండదు.

వైరస్‌టోటల్‌లో పెట్టి చూశాను. 70 దాకా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసే చోటు అది. సగానికి పైగా ఎర్రబడ్డాయి. (అక్కడ పెట్టిన ఫైళ్ళని డబ్బు కట్టిన పరిశోధకులు దించుకోగలరు. కాబట్టి మన క్లయింట్ల కాగితాలు అందులో పెట్టి చూడకూడదు. నాలాంటి పని చేసేవాళ్ళు గుర్తుంచుకోవాలి.)

బాబాయిగారికి చెప్పడమే కష్టమైంది. "నేను అయిదారుగురికి ఇచ్చానమ్మా, ఎవరికీ ఏం కాలేదే" అన్నారు. ఏం కాలేదని ఎలా తెలుస్తుంది? 2019లో ఈసెట్ అనే భద్రతా సంస్థ లౌడ్‌మైనర్ అనే దాన్ని బయటపెట్టింది. దొంగ వీఎస్‌టీ ప్లగిన్లతో (సంగీతం సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే వాయిద్యాల ప్రోగ్రాంలు) పాటు సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో చిన్న కంప్యూటర్‌నే లోపల దాచి, దాంతో మొనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వించుకునేది. సంగీతం చేసేవాళ్ళ మెషిన్లు గట్టివి, ఫ్యాను గోల పెట్టినా ప్లగిన్ల బరువే అనుకుంటారు. అందుకే వాళ్ళని ఎంచుకున్నారని ఈసెట్ అంచనా. ఇది చెబితే బాబాయిగారు కాసేపు ఊరుకుని, "మా వాడి లాప్‌టాప్ ఫ్యాను అందుకేనంటావా" అన్నారు. కావచ్చు, కాకపోవచ్చు. శుభ్రంగా ఫార్మాట్ చేయించమన్నాను.

తర్వాత రోజు సొంతంగా వెతికాను. డీఎక్స్7కి చాలామంది వాడేది డెక్స్‌డ్. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ కనపడేలా జీపీఎల్ లైసెన్సు కింద ఉంటుంది. కీబోర్డులాగే మోగుతుంది, బ్యాంకుల్ని నిజం కీబోర్డుకి పంపుతుంది కూడా. వెతికితే పైన వచ్చే డౌన్‌లోడ్ సైట్లని వదిలేసి ప్రాజెక్టు సొంత పేజీ నుంచే దించాను. దాంతోపాటు బ్యాంకు ఫైళ్ళు మాత్రమే పంపే చిన్న ప్రోగ్రాం ఇంకొకటి దొరికింది, ఎవరో సరదాకి చేసింది. దాన్ని నొక్కితే విండోస్ నీలం పెట్టె అడ్డం పెట్టింది, తెలియని పబ్లిషర్ అని.

ఆ పెట్టె వచ్చినంత మాత్రాన వైరస్ అని కాదు. ఉచితంగా ఇచ్చే మనిషి ఏటేటా డబ్బు కట్టి సంతకపు సర్టిఫికెట్ ఎక్కడ కొంటాడు? ఆపిల్ వైపు చూసినా డెవలపర్ సభ్యత్వానికే ఏడాదికి 99 డాలర్లు. అలాగని మంచిదనీ కాదు. ఫైలు మారలేదని సరిచూసుకోవడానికి పేజీలో ఇచ్చిన షా-256 వేలిముద్ర, 64 అక్షరాలు, పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కొట్టి పోల్చాను. సరిపోయింది. అయితే ఏమిటి? పేజీనే ఎవరైనా చేజిక్కించుకుంటే వేలిముద్ర కూడా వాళ్ళే మార్చి పెడతారు. 2016 ఆగస్టులో ఉచిత ప్రోగ్రాంలు దించుకునే ఫాస్‌హబ్ సైట్‌లోకి చొరబడి, సౌండ్ ఎడిట్ చేసే ఆడాసిటీ ఇన్‌స్టాలర్ బదులు వేరేది పెట్టారు. అది నడిపినవాళ్ళ కంప్యూటర్ లేవడానికి కావలసిన బూట్ సెక్టారే చెరిగిపోయింది. వాళ్ళు దొంగ సరుకు దించుకున్నవాళ్ళు కాదు, ఆడాసిటీ దొరికే చోటికే వెళ్ళినవాళ్ళు. కోడ్ చదివి తేల్చుకుందామంటే సీ++ నాకు రాదు.

అందుకని ఆ చిన్న ప్రోగ్రాంని వదిలేశాను. డెక్స్‌డ్‌ని కూడా నా లాప్‌టాప్‌లో వేయలేదు. అటక మీదున్న పాతది దించి, మొత్తం ఫార్మాట్ చేసి, అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు యూజర్‌తో పెట్టి, ప్రోగ్రాం ఎక్కించగానే వైఫై తీసేశాను. నా లాగిన్లు ఏవీ అందులో లేవు. ఏదైనా దూరినా దానికి దొరికేది ఎరువుల డైరీ లెక్కలే.

మావయ్య భయం వేరు. "నా పెట్టెకి ఏమైనా అవుతుందేమో." దాని విషయంలో నిశ్చింత అని చెప్పాను. డీఎక్స్7ని నడిపే ప్రోగ్రాం లోపల రామ్ చిప్‌లో కాదు, రోమ్ చిప్‌లో ఉంటుంది. మిడీ తీగ గుండా దాన్ని ఎవరూ మార్చలేరు. తప్పుడు డేటా వెళితే పోయేది ఆ 32 సౌండ్లే, అవి ఎలాగూ పోయాయి. ఇప్పటి కీబోర్డులు అలా కాదు. చాలావాటిలో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలతోనో (మిడీ తీగలో ఆ కంపెనీ పెట్టెకి మాత్రమే అర్థమయ్యేవి) యూఎస్‌బీతోనో ఫర్మ్‌వేర్, అంటే పెట్టెని నడిపే లోపలి ప్రోగ్రాం, మార్చొచ్చు. ఊరూ పేరూ లేని ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పెట్టె మొత్తం ఇటుకరాయి అయిపోవచ్చు. బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లకి క్రోమ్ అనుమతి అడిగేది కూడా ఇందుకే.

పంపే రోజు ఇంకో తిప్పలు. 300 రూపాయల యూఎస్‌బీ మిడీ కేబుల్ సగం సౌండ్ల పేర్లని పిచ్చి గీతలు చేసింది. ఇలాంటి చవక కేబుళ్ళు పొడుగాటి సందేశాల్ని మింగేస్తాయట. స్టూడియో ఉన్న ఒకాయన దగ్గర మంచి మిడీ ఇంటర్‌ఫేస్ పెట్టె అడిగి తెచ్చాను. మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేసి, ఫంక్షన్ 8లో సిస్ ఇన్ఫో అవైల్ పెట్టి పంపితే తెర మీద మిడీ రిసీవ్డ్ అని వచ్చింది.

ఇక సన్నాయి. ఆయన చదువుతుంటే నేను కొట్టాను, గంటన్నర పట్టింది. మోగించి చూస్తే పిల్లనగ్రోవిలా మెత్తగా ఉంది. మావయ్య మొహం వాడిపోయింది. డైరీ లాక్కుని కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. "ఫీడ్‌బ్యాక్ ఎంత పెట్టావ్?" "నువ్వే చదివావుగా, 1." "అది 1 కాదే, 7. నా ఏడు అలాగే ఉంటుంది."

7 పెట్టాను. పీకలోంచి వచ్చినట్టు ఆ జీర వచ్చింది. మావయ్య మాట్లాడకుండా మంగళవాద్యం ఎత్తుకుని పావుగంట ఆపలేదు. పక్కింటివాళ్ళు ఇంట్లో ఎవరిదైనా పెళ్ళా అని అడిగారు.

బ్యాంకు మొత్తం వెనక్కి తీసుకుని సేవ్ చేశాను. సైజు చూశాను, 4104 బైట్లు.

"బాబాయికి కూడా పంపవే," అన్నాడు మావయ్య, "జిప్ చెయ్యకు."