వేరేవాళ్ల ముడి

పొద్దున బస్‌లో ఫోన్ చూస్తున్నా, ఒక వీడియోలో ఒకమ్మాయి చెప్పుల్లేకుండా ఇరాక్‌లోని లాలిష్ గుళ్లోకి వెళ్తోంది, గడప తొక్కకుండా దాటింది, లోపల పట్టుగుడ్డకి ఎవరో వేసిన ముడి ఒకటి విప్పి తన ముడి వేసుకుంది. అక్కడ మనం ఎవరి ముడి విప్పితే వాళ్ల కోరిక తీరుతుందంట. మన ముడుపు లాంటిదే అనుకున్నా, కానీ మనం మనది కట్టుకుని వచ్చేస్తాం కదా, పక్కవాళ్లది ఎవరు పట్టించుకుంటారు.

నా స్టాప్ దాటిపోయింది, అది వేరే సంగతి.

ఆ గుడి యాజిదీలది, ఇరాక్‌లో ఒక చిన్న మతంవాళ్లు వీళ్లు. 2014 ఆగస్టు 3న ఐసిస్ ఉగ్రవాదులు వీళ్లుండే సింజార్ ప్రాంతం మీద పడి మగవాళ్లని చంపారు, ఆడపిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మేశారు, బలవంతంగా మతం మార్పించారు. యాజిదీల్లో ఒకసారి మతం దాటితే మళ్లీ రానిచ్చేవాళ్లు కాదు. అంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తప్పించుకొచ్చిన పిల్లకి సొంత దేవుడి తలుపు కూడా మూసేసినట్టే కదా! అప్పుడు వాళ్ల మతపెద్ద బాబా షేక్, వీళ్లు మన పిల్లలే చేర్చుకోండి అన్నారు. లాలిష్‌లో ‘తెల్ల ఊట’ అనే పవిత్రమైన ఊట నీళ్లు తలమీద పోసి మళ్లీ కలుపుకున్నారు.

ఇన్ని పడ్డాక ఆ పిల్లలకి నమ్మకం మిగిలిందా అనే అడుగుతాం మనం, ఇక్కడ పిల్లల కోసం మతమే కాస్త జరిగి చోటిచ్చింది. కాస్తే లెండి. చెరలో ఐసిస్ వాళ్లకి పుట్టిన పసివాళ్లని 2019లో కూడా ఒప్పుకోలేదు, కొందరు తల్లులు బిడ్డనో ఇంటినో వదులుకోవాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి ఏం కోరుకుందో వీడియోలో లేదు. ఎవరి ముడి విప్పిందో ఆమెకీ తెలీదు.